పిల్లింగ్ గారి పై గది రైలు

హోరెస్ పిల్లింగ్ తన మామగారి అంత్యక్రియల రోజున శవపేటికను టేపు పెట్టి కొలిచాడు.

సరే, శవపేటికను కాదు. అది పెట్టిన ముందుగదిని కొలిచాడు. మామగారు కిటికీ కింద అడ్డంగా ఉన్నాడు కనక టేపు ఆయన మీదుగా పోయింది, అంతే. "కాస్త ఆ చివర పట్టుకోండి" అని మామగారినే అడిగాడని నేను ఊరంతా చెప్పిన మాట కూడా పూర్తిగా నిజం కాదు. అడిగింది పక్కనున్న పాస్టరు గారిని. ఆయన పట్టుకున్నాడు. ఈ భాగానికి మాత్రం నేనే సాక్షిని. నన్ను చదివించింది కాన్వెంటు సిస్టర్లు. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని చెప్పి పెంచారు. అందుకని నేనెప్పుడూ అతిశయోక్తి దగ్గరే ఆగిపోతాను.

"ఇప్పుడా హోరెస్, ఈ పని?" అంది అతని భార్య విన్నీ, కళ్లు తుడుచుకుంటూ.

"సామాను బయట పెట్టింది ఇప్పుడే కదా" అన్నాడు హోరెస్. "మళ్లీ ఇంత ఖాళీగా ఎప్పుడు దొరుకుతుంది?"

హోరెస్‌కి ఉన్న జబ్బు ఇదొక్కటే. ఏ గదిలో కాలు పెట్టినా అందులో రైలు మార్గం ఎలా వేయాలా అని చూస్తాడు. నిజం రైలు కాదు. బల్ల మీద పరుగెత్తే చిన్న రైలు. అరచేతిలో పట్టే ఇంజను, అగ్గిపెట్టెలకు అన్నదమ్ముల్లాంటి పెట్టెలు, వేలెడంత సిగ్నళ్లు. దాన్ని బొమ్మ రైలు అన్నామో, ఆ పూటకి మనతో మాటల్లేవు. "బొమ్మ కాదు, నమూనా" అంటాడు. మా లాంకషైర్ జిల్లాలో ఇలాంటివాళ్లు వీధికొకరు ఉంటారు. వాళ్లు ప్లాను గీస్తారు, బల్లలు కొడతారు, పట్టాలు వేస్తారు, సాయంత్రాలు రైలు నడుపుకుని భార్యలను ప్రశాంతంగా బతకనిస్తారు. హోరెస్ మాత్రం మొదటి మెట్టు మీదే కాపురం పెట్టాడు. ముప్ఫై ఏళ్లుగా ప్లాను గీస్తూనే ఉన్నాడు. అతని ఇంట్లో అంగుళం పట్టా ఎవరూ చూడలేదు. ఆలూ లేదు, చూలూ లేదు గానీ, ఏ బండి ఏ స్టేషనుకి ఎన్నింటికి వస్తుందో మాత్రం అడిగితే చెప్పేవాడు. ఆదివారం సర్వీసులు వేరు.

అతనికున్న ఆస్తల్లా ఒక ఆకుపచ్చ ఇంజను. దాన్ని విన్నీ పాత మేజోడులో చుట్టి సొరుగులో దాచాడు. ఆవిడ వెతికితే ఎప్పుడూ ఒంటికాలి మేజోడే దొరికేది.

హోరెస్ మా మిల్లులో మగ్గాల మేస్త్రీ. మగ్గం మొరాయిస్తే నేతగాళ్లం చెయ్యెత్తుతాం, మేస్త్రీ వచ్చి బాగుచేస్తాడు. నేను అదే షెడ్డులో నేతగాణ్ణి. మా జిల్లాలో లోకంలోని తెలివితక్కువ పనులన్నీ తెచ్చి మగ్గాల మేస్త్రీల నెత్తిన రుద్దడం ఆచారం. పావురాల గూట్లో లోపలి నుంచి తాళం వేసుకుని, తాళంచెవి వెతకడానికి బయటికి వెళ్లినవాడెవడు? మగ్గాల మేస్త్రీ. నిచ్చెన మొదటి మెట్టు ప్రమాదమని తెలిసి దాన్ని కోసి పారేసినవాడెవడు? మళ్లీ మేస్త్రీయే. పాపం, మేస్త్రీలు కూడా కోప్పడరు. తలూపి, పైపు వెలిగించుకుని, "ఆ మెట్టు నిజంగానే ప్రమాదం" అంటారు.

ఇక ఆ ప్లాన్లు గీసే పద్ధతి. మామూలు మనుషులు గోడలకంటించే కాగితాన్ని గోడ కోసం కొంటారు. హోరెస్ దాని వీపు కోసం కొంటాడు. చుట్ట విప్పి, తిరగేసి, గదికి ఎంత కావాలో అంత పొడవున పరిచి, పట్టాలు, బండి దారి మారే పాయింట్లు, సొరంగాలు అన్నీ అసలు కొలతల్లో గీస్తాడు. గది చిన్నదైనా చుట్టలు పెళ్లిపందిరికి సరిపడా తెచ్చేవాడు. "మిగిలినవి వృథా కావులే" అనేవాడు. ఆ లెక్కన విన్నీ ఇంటి గోడలకు ఏటేటా కొత్త చీర.

ఒకసారి కాగితాలంటించే మనిషి వచ్చి, మూలనున్న చుట్ట కూడా తనకే అనుకుని, జిగురు పూసి వంటింటి గోడకి అంటించేశాడు. ఆ చుట్ట వీపు మీద హోరెస్ ఆ చలికాలమంతా కూర్చుని గీసిన జంక్షను ఉంది. సాయంత్రం నేను వెళ్లేసరికి హోరెస్ గోడ ముందు నిలబడి, పెనం తగిలించే మేకు పక్కన అరచెయ్యి ఆనించి ఉన్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"మెయిన్ లైను ఇక్కడ చీలుతుంది" అన్నాడు మెల్లగా. "ఎంత అందమైన వంపనుకున్నావు బెర్నార్డ్. రోజాపువ్వుల వెనక పడిపోయింది."

"ఆ రోజాలు నాకిష్టం. చెయ్యి తియ్యి, ఇంకా ఆరలేదు" అంది విన్నీ.

మా ఇంటికి భోజనానికి పిలిస్తే మొదటి అరగంట బల్ల కిందే ఉండేవాడు. అప్పటికి నా భార్య క్యాథ్లీన్ ఉంది. చేతిలో మాంసం, బంగాళాదుంపలు వేసి వండిన హాట్‌పాట్ గిన్నెతో నిలబడి బల్ల కిందకి వంగి అడిగేది.

"హోరెస్, పైన కరకరలాడే బంగాళాదుంపలు వేయనా, కింద మెత్తటివి వేయనా?"

"మీ బీరువా గోడకి ఆనుకుని ఉందా, మధ్యలో సందు ఉందా?"

"సందు ఉంది."

"అయితే మెత్తటివి వేయి. బండి బీరువా వెనక నుంచి రావచ్చు."

మా అమ్మాయి మోనికా మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకున్న రోజున హోరెస్‌ని గుడికి పిలిచాం. మేం కేథలిక్కులం, అతను వేరే చర్చి మనిషి, మా పూజ ఎలా సాగుతుందో తెలీదు. అందుకని తనకి తెలిసిన పని చేశాడు. పక్క నడవా పొడవునా అడుగులు వేసుకుంటూ వెళ్లాడు. నాకు చదువు చెప్పిన సిస్టర్ ఇగ్నేషియస్ అక్కడే కాపలా ఉంది. ఆవిడ చూపు తగిలితే కొవ్వొత్తులు ఆరిపోయేవి.

"ఏమిటి నాయనా వెతుకుతున్నావు?"

"ఏం లేదమ్మా. సెయింట్ జోసెఫ్ గారికీ మేరీ మాతకీ మధ్య రెండు ప్లాట్‌ఫారాల స్టేషను పడుతుంది."

ఆవిడ ఆ రెండు విగ్రహాల వంకా చూసింది. "జోసెఫ్ గారి వైపు వెయిటింగ్ రూము పెట్టు. ఆయనకి ప్రయాణాల్లో వసతి దొరక్క ఒకసారి చాలా ఇబ్బందైంది" అంది.

అప్పటి నుంచి హోరెస్ మా మతాన్ని గౌరవించేవాడు.

మా ఊళ్లో నమూనా రైళ్ల సంఘం గురువారం సాయంత్రాలు సహకార దుకాణం మీది హాల్లో కూడుతుంది. కార్యదర్శి లెనర్డ్ గ్రిమ్‌షా. నిజం రైళ్లకి సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. నవ్వడం రైల్వే నిబంధనలకి విరుద్ధమని నమ్మేవాడు. ఆ సంఘానికో చట్టం ఉంది. ఎవరి ప్లానైనా సరే, చెక్క మీద రంపం పెట్టే ముందు ఆ కాగితాన్ని గదిలో నేల మీద పరవాలి. సభ్యులు మోకాళ్ల మీద పాకుతూ, ఉన్నవాటిలో పొడుగాటి ఇంజనుని చేత్తో గీత వెంట తోసుకుంటూ చుట్టూ తిరగాలి. ఇంజను ఎక్కడా గోడకి రాసుకోకుండా, మనిషి చెయ్యి అన్ని మూలలకీ అందితే ప్లాను పాసు. పాకేటప్పుడు నోటితో చప్పుడు చేయాలని చట్టంలో లేదు. చేయనివాణ్ణి మాత్రం నేను చూడలేదు. బ్యాంకు మేనేజరు, పళ్ల డాక్టరు, మాంసం కొట్టు యజమాని, అందరూ నడుములు పట్టుకుని, హోరెస్ రైలు కోసం ఖాళీగా ఉంచిన పై గదిలో ఛుక్ ఛుక్ అంటూ తిరగడం నేను కళ్లారా చూశాను. మనుషులంతా సమానమని సిస్టర్లు చెప్పినప్పుడు నమ్మలేదు గానీ, ఆ రోజు నమ్మాను.

హోరెస్ ప్లాన్లు పాసయ్యేవి. అదే వింత. పాసయ్యేవి, చెక్కలు కోసే రోజు దగ్గర పడేది, ఆఖరి నిమిషంలో హోరెస్ మొహం వేలాడేసుకుని వచ్చి ప్లానులో ఏదో లోపం కనిపెట్టేవాడు.

మొదటిసారి, "వాలు ఎక్కువైంది. బండి ఎక్కదు" అన్నాడు. ప్లాను మళ్లీ మొదటికొచ్చింది. గది ఎలాగూ ఖాళీగా ఉంది కదా అని, ఊపిరితిత్తుల ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రి నుంచి వచ్చిన విన్నీ చిన్నాన్న కూతురు ఎల్సీ అందులో దిగింది. ఒంటికి రంగొచ్చేదాకా ఉంది.

రెండోసారి, "కిటికీలోంచి ఎండ పడుతుంది. పట్టాలు వ్యాకోచిస్తాయి" అన్నాడు. మా ఊళ్లో ఎండ. ఆ ఏడు అది ఒక మంగళవారం వచ్చి, ఎవరూ పలకరించకపోతే వెళ్లిపోయింది. సరిగ్గా అప్పుడే మా మిల్లులో రాత్రి షిఫ్టుకి సముద్రాల అవతల మీర్‌పూర్ నుంచి బషీర్ అనే కుర్రాడు చేరాడు. అతను తట్టిన ప్రతి తలుపూ గది లేదనేది, కిటికీలో గది అద్దెకిస్తామన్న అట్ట వేలాడుతూ ఉండగానే. హోరెస్ అతన్ని షెడ్డులో పట్టుకున్నాడు.

"నువ్వు పగలు పడుకునే మనిషివి కదా?"

"అవును మేస్త్రీ."

"అంటే పగలంతా కిటికీకి తెర వేసే ఉంచుతావు. నాకు కావలసింది అదే. మా పై గదిలో పట్టాలకి ఎండ తగలకుండా చూడాలి."

సామాను పట్టుకుని వచ్చిన బషీర్ గదంతా చూసి, "పట్టాలెక్కడ మేస్త్రీ?" అని అడిగాడు.

"వస్తాయి. తెర జాగ్రత్త."

భార్య వచ్చి సొంతిల్లు చూసుకునేదాకా బషీర్ ఆ తెరను కంటికి రెప్పలా కాపాడాడు. వెళ్లేటప్పుడు తర్వాత ఎవరు చూసుకుంటారో అని బెంగపడ్డాడు కూడా. మేమంతా నవ్వుకున్నాం. మేస్త్రీ బుర్ర మేస్త్రీ బుర్రే అనుకున్నాం.

తర్వాత మిల్లు మూతబడింది. నేనూ హోరెస్ ఒకే రోజు ఇంటికొచ్చేశాం. నేను ఒక వారం మంచం మీద పడుకుని పైకప్పు చూశాను. హోరెస్ గోడకాగితం దుకాణానికి వెళ్లాడు.

"ఇక మగ్గం లేదు, మేస్త్రీ లేడు. ఈసారి రైలు నడిచి తీరుతుంది" అన్నాడు.

ఆ ప్లాను మాత్రం నిజంగా గొప్పది. నాకు రైళ్ల గురించి టిక్కెట్టు కొనడం తప్ప ఏమీ తెలీదు. నాకే నోరూరింది. కిటికీ కింద స్టేషను. అక్కడి నుంచి లైను పొయ్యి గోడను చుట్టి, అలమార మీదుగా వంతెనెక్కి, ఓ చిన్న మిల్లు పక్కగా వెళ్తుంది. ఆ మిల్లు మా మిల్లే, చిమ్నీతో సహా. నమూనాలో అది మూతబడలేదు. వసంతంలో సంఘం వచ్చి పాకింది. గ్రిమ్‌షా లేచి, మోకాళ్లు దులుపుకుని, "సరే" అన్నాడు. అతని నోట అది ఉపన్యాసం కింద లెక్క. వేసవి చివర్లో చెక్కలు వచ్చాయి. పై గదిలో గోడకి చేర్చి పెట్టారు. శనివారం కోత. హోరెస్ కాళ్లు నేల మీద లేవు. వీధిలో కనబడితే టోపీ తీసి పాలబండికి కూడా నమస్కారం పెడుతున్నాడు.

సరిగ్గా ఆ వారమే మా మోనికా ఇద్దరు ఆడపిల్లలతో, చేతికందిన సంచులతో నా గుమ్మంలో దిగింది. అల్లుడు గాలితుపాకుల దుకాణం నడిపే ఒకావిడతో సముద్రతీరానికి వెళ్లిపోయాడు. వాళ్లున్న ఇల్లు అతని ఉద్యోగంతో వచ్చింది, అతనితోనే పోయింది. నాకేమో క్యాథ్లీన్ పోయాక మున్సిపాలిటీ వాళ్లు ఇచ్చింది వృద్ధుల ఒంటిగది. పిల్లలు అందులో నిద్రపోకూడదు. ముసలాళ్లు గురక పెట్టవచ్చు గానీ పిల్లలు ఊపిరి పీల్చకూడదు, అదీ నియమం. మోనికాకి ఇల్లు రావాలంటే వరసలో ఆగాలి. ఈలోపు వేరే ఊళ్లో వసతిగృహం ఉంది, సోమవారం వచ్చి చేరమన్నారు. రెండు బస్సులు మారితే గానీ అక్కడి నుంచి మా ఊరు రాదు. మా ఊళ్లో మాంసం కూరిన పైలు కాల్చి అమ్మే కొట్టువాడు దానికి పని ఇస్తానన్నాడు, స్కూలువాళ్లు పిల్లల్ని చేర్చుకుంటామన్నారు. ఊళ్లో తలదాచుకోవడానికి ఒక్క గది దొరికితే అన్నీ నిలబడతాయి. లేకపోతే అన్నీ పోతాయి.

గదులు దొరక్క కాదు. నా కూతురికి వాళ్లమ్మ వంటచెయ్యి వచ్చింది, నా నాలుక వచ్చింది, ఆ పంతం మాత్రం ఏ ముత్తాత ఇచ్చాడో తెలీదు. మా ఫాదరు గారు గది ఇస్తానంటే వద్దంది. మేనత్త అడిగితే వద్దంది.

"ఎవరి దయా నాకొద్దు నాన్నా. దయతో పెట్టిన కూడు అరగదు" అంది.

గురువారం విన్నీ ఇంట్లో టీ తాగుతున్నాం. విన్నీ నెమ్మదిగా అడిగింది.

"మా పై గది ఉంది కదమ్మా."

"అది బాబాయ్ రైలు గది పిన్నీ. ముప్ఫై ఏళ్ల నుంచీ ఎదురుచూస్తున్నాడు. చెక్కలు కూడా వచ్చేశాయి. నా పరుపు వేసుకోవడానికి ఆయన రైలు ఆపమంటావా? అందులో నాకు నిద్ర పడుతుందా?"

హోరెస్ అక్కడే ఉన్నాడు. పార్కిన్ కేకు ముక్క టీలో ముంచి, అది తెగి కప్పులో పడిపోతే చెంచాతో వెతుకుతున్నాడు.  కాసేపటికి తలెత్తి, "శనివారం నువ్వు కూడా రా అమ్మాయ్. సంఘం వాళ్లందరూ వస్తారు. విన్నీ ఆ మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి టీలు మోయలేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నా కూతురు వీధిన పడుతుంటే వీడికి టీల గొడవ.

శనివారం మధ్యాహ్నం సంఘమంతా పై గదిలోకి వెళ్లింది. కోతకి ముందు ఆఖరిసారి ఎత్తు చూడాలని హోరెస్ పట్టుబట్టాడు. నాలుగు కాళ్ల చెక్క స్టాండ్లు పెట్టి, వాటి మీద చెక్కలు పరిచి, చెక్కల మీద కాగితం పరవాలన్నాడు. "గాలికి కాగితం ఎగురుతుంది, ఆ తలుపు వెయ్యండి" అన్నాడు. వేశారు. నేనూ మోనికా వంటింట్లో కప్పులు సర్ది పైకి తెచ్చాం. మోనికా ట్రే పట్టుకుని భుజంతో తలుపు తోసింది. తలుపు లోపలికి తెరుచుకునేది. అరచెయ్యంత తెరుచుకుని, ఠక్కున ఆగింది.

"బాబాయ్, తలుపు రావడం లేదు."

"తొయ్యమ్మా."

"తోస్తున్నాను. ఏదో అడ్డం ఉంది."

లోపల కాగితం చప్పుడు. తర్వాత హోరెస్ గొంతు, చాలా చిన్నగా. "స్టేషను."

"ఏ స్టేషను?"

"నాది."

 అంతలో ఒక విచిత్రమైన చప్పుడు వినిపించింది, తుప్పు పట్టిన సిగ్నల్ కడ్డీని బలవంతాన లాగినట్టు. అది లెనర్డ్ గ్రిమ్‌షా నవ్వు. అతనికి నవ్వు ఉందని అప్పుడే తెలిసింది.

"ముప్ఫై ఏళ్లు ప్లాను గీసి తలుపు మర్చిపోయాడర్రా. లోపలికి ఎవరూ రాలేని గదిలో రైలు వేశాడు" అన్నాడు గ్రిమ్‌షా.

"బయటికి కూడా పోలేం" అన్నాడు పళ్ల డాక్టరు.

"మేస్త్రీ కదా మరి" అన్నారు ఇంకెవరో. ఆ మాటతో ఇల్లు కూలినంత పనైంది. మోనికా ట్రే మెట్ల మీద పెట్టి గోడకి ఆనుకుని నవ్వింది. మా ఊరు వచ్చాక అది నవ్వడం నేను చూడలేదు. ఆ సందులోంచి ఒక్కో కప్పూ లోపలికి అందించాం. సాసర్లు పట్టలేదు.

ఎలాగో చెక్కలు జరిపి తలుపు తీశాక అందరూ తలా ఒక ఉపాయం చెప్పారు.

"తలుపు తిరగేసి బిగించు, బయటికి తెరుచుకుంటుంది."

"బయట మెట్లున్నాయి. ఎవరైనా దొర్లిపడతారు" అన్నాడు హోరెస్.

"తలుపు దగ్గర ఎత్తి దించే పలక పెట్టు."

"ఊగుతుంది. బండి పట్టాలు తప్పుతుంది."

"అసలు తలుపే పీకేయి."

"విన్నీ ఒప్పుకోదు."

"నేనెందుకు ఒప్పుకోను?" అని కింద నుంచి విన్నీ అడిగింది. హోరెస్‌కి సరిగ్గా ఆ క్షణంలో చెవుడొచ్చింది. "ప్లాను మొదటి నుంచీ గీయాలి. ఏడాది పడుతుంది, ఎక్కువే పట్టవచ్చు" అన్నాడు. అని చెక్కల వంక చూసి తల పట్టుకున్నాడు. "ఇప్పుడు వీటి గతేమిటి? నిప్పు లేని గదిలో చలికాలమంతా పడి ఉంటే వంకర తిరుగుతాయి. రోజూ పొయ్యి వెలగాలి. మనుషుల ఊపిరి తగలాలి. ఇంత చెక్కకి ముగ్గురి ఊపిరైనా కావాలి."

హోరెస్ మోనికా వైపు తిరిగాడు. కసురుతున్నట్టే అన్నాడు.

"నీకు పొయ్యి వెలిగించడం వచ్చా?"

"రాకేం?"

"రోజూ వెలిగించాలి. ఆదివారం కూడా. మధ్యలో మానేస్తే నా చెక్క పాడవుతుంది."

"నేను ఊరికే ఉండను బాబాయ్."

"ఊరికే ఎక్కడ? ఇది పని. నేను జీతం ఇచ్చుకోలేను, ముందే చెబుతున్నాను."

"బొగ్గు ఎవరిది?"

"బొగ్గు నాది. బూడిద ఎత్తడం నీది."

"పిల్లలు పరిగెడతారు."

"పరిగెత్తనీ. నేల ఎంత గట్టిదో తెలుస్తుంది. ఎలాగూ పరీక్షించాలి."

మోనికా చేతులు కట్టుకుని గదంతా చూసింది. బేరం కుదరని గిరాకీలా చెక్కని వేలితో తట్టింది. "ఒక్క చలికాలమే. అదీ నీ చెక్క కోసం" అంది.

"అంతకంటే నేనేం అడగడం లేదు" అన్నాడు హోరెస్ ముభావంగా.

సాయంత్రం నేనూ గ్రిమ్‌షా కలిసి వీధిలో నడిచాం. నాకు ఆనందంగా ఉంది. "మేస్త్రీ తెలివితక్కువతనం దేవుడిచ్చిన వరమయ్యా" అన్నాను.

గ్రిమ్‌షా వీధి మలుపు దాకా నడిచాడు. తర్వాత అన్నాడు. "వసంతంలో మేం పాకినప్పుడు స్టేషను ఎక్కడుంది?"

"కిటికీ కింద."

"ఇవాళ?"

నేను ఆగిపోయాను.

"కాగితాన్ని ఈ చివర ఆ చివరకి తిప్పి పరిచాడు, స్టేషను తలుపు దగ్గరికొచ్చింది. నేను గదిలోకి వెళ్లగానే చూశాను" అన్నాడు గ్రిమ్‌షా. "ఇక ఆ ఊపిరి సంగతి. ముగ్గురు పడుకుని, కెటిల్ మరిగించే గదిలో గోడలు చెమరుస్తాయి. చెక్కకి అంతకంటే చెరుపు లేదు. మీ నేత షెడ్డులో నూలు తెగకుండా ఆవిరి పట్టించేది ఎవరు?"

"మేస్త్రీలు."

"చెమ్మ గురించి హోరెస్‌కి తెలిసినంత ఈ ఊళ్లో ఎవరికీ తెలీదు."

"మరి అన్నీ తెలిసి అంత నవ్వు నవ్వావేమయ్యా?"

"నేను నవ్వకపోతే మీ అమ్మాయి నమ్మేదా?" అన్నాడు గ్రిమ్‌షా. "నడుం పట్టేసింది. అలవాటు లేదు."

నేను ఇంటికెళ్లి కూర్చున్నాను. ఎల్సీకి చోటు కావలసి వచ్చినప్పుడు వాలు ఎక్కువైంది. బషీర్‌కి కావలసి వచ్చినప్పుడు ఎండ వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా ఊరంతా నవ్విన ఆ లోపాలు, ఒక్కటి కూడా కాగితంలో లేవు. మనిషికి సాయం చేస్తే మనిషి తల వంగుతుంది. అది చూడలేక, వాళ్లు లోపలికి వచ్చేముందు హోరెస్ తన తలే వంచుకునేవాడు. అందరూ అతన్ని చూసి నవ్వుతూ ఆ గదిలోకి వెళ్లేవాళ్లు. నవ్వుతూ వెళ్లినవాళ్లకి రుణపడ్డామన్న బాధ ఎక్కడిది?

ఒక్క చలికాలం అన్న మోనికా, ఇల్లు వచ్చేదాకా అక్కడే ఉంది. పైల కొట్టులో పని నిలబడింది, తర్వాత ఆ కొట్టే దాని చేతికొచ్చింది. పిల్లలు హోరెస్ వీపెక్కి ఆ గదంతా ఛుక్ ఛుక్ అని తిరిగారు. చెక్కలు మాత్రం తమలపాకుల్లా చుట్టుకుపోయాయి. వాటిని చూసినప్పుడల్లా మోనికా, "నేను పొయ్యి వెలిగించబట్టి ఈ మాత్రమైనా మిగిలాయి" అని ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. అసలు సంగతి దానికి చెప్పాలని నాకూ లేదు. ఇది చదివినా ఫరవాలేదు. వాళ్ల నాన్న చెప్పేది నమ్మే అలవాటు దానికి చిన్నప్పటి నుంచీ లేదు.

కానీ నాకు తెలుసు కనక, ఎక్కడో ఒక చోట కృతజ్ఞత చెప్పుకోవాలి. ఎదురుగా చెబితే పట్టించుకోడు. అందుకని ఇదంతా రాసి, మొన్న సాయంత్రం తీసుకెళ్లి చదివి వినిపించాను. విన్నీ ఊలు అల్లుకుంటూ ఒక్కసారి కూడా తలెత్తలేదు.   హోరెస్ గోడకాగితం వీపు మీద ఏదో గీసుకుంటూ ఆఖరిదాకా విన్నాడు.

"అయిందా?"

"అయింది. ఏమంటావు?"

"మొదటి నుంచి చివరిదాకా అబద్ధం."

"మోనికా సంగతి కూడానా?"

"నా ప్లాను తప్పయింది. తలుపు మర్చిపోయాను. ఎవరైనా మర్చిపోతారు."

"బషీర్?"

"ఎండ పడింది."

"ఒరేయ్, ఇక్కడున్నది మన ముగ్గురమే. ఒక్కసారి ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"లేనిది ఎలా ఒప్పుకోను? అది రైలు గది. ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ ఉండలేదు. ఉన్నా నాకు తెలీదు. నువ్వు సిస్టర్ల దగ్గర చదువుకుని కూడా ఇలా రాస్తావనుకోలేదు."

పైన తలుపు తెరుచుకుంది. మెట్ల మీద మెత్తటి చెప్పుల చప్పుడు సగందాకా దిగి ఆగింది. ఎవరో చిన్నవయసు ఆడమనిషి గొంతు, చంటిపిల్లను జోకొడుతూ, "పిల్లింగ్ గారూ, మీరు చెప్పినట్టే ఆ మూల ప్రతి గంటకీ తడిమి చూస్తున్నాను. ఇంకా చల్లగానే ఉంది. ఇంకో నెల ఉండి చూడమంటారా?" అంది.

నేను హోరెస్ వంక చూశాను. అతను పెన్సిలు చెక్కుకున్నాడు. పొట్టు ఊదాడు. సూటిగా నా కళ్లలోకి చూశాడు.

"పైన ఎవరూ లేరు" అన్నాడు.